బయానా ఇచ్చే ముందు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళండి

గేదెను కొనేముందు మన పల్లెల్లో రెండు పూటలా పాలు పితికి చూస్తారు. ఆడపిల్లకు ఒక పట్టుచీర కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతారు. లక్షలు పోసి, జీవితంలో ఒక్కసారి కొనే ఇంటిని మాత్రం ఒకే ఒక్క సాయంత్రం, అమ్మేవారు ఇచ్చిన టీ తాగుతూ చూసి, "బాగుందండీ" అని బయానా వాళ్ళ చేతిలో పెట్టి వచ్చేస్తారు. ఇది ఇతరులను గూర్చి చెబుతున్న మాట కాదు. నేను చేసింది సరిగ్గా ఇదే.

గుడివాడలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్న రోజుల్లో, ఒక మే నెలలో, మా స్కూలుకు దగ్గరగా ఉందని ఒక డాబా ఇల్లు చూశాను. ముందు వేపచెట్టు, వెనుక కాస్త పెరడు, చల్లటి గచ్చు. నా భార్యకు వంటగది నచ్చింది, నాకు వేపచెట్టు నచ్చింది. అదే రోజు బయానా ఇచ్చాము. ప్రావిడెంటు ఫండు తీసి, ఆమె నగలు కొన్ని అమ్మి, జూన్‌లో రిజిస్ట్రేషను చేయించుకుని, అయ్యగారిని పిలిచి ప్రార్థన పెట్టించుకుని గృహప్రవేశం చేశాము. ఆ అక్టోబరులో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రాత్రి మంచం దిగితే పాదాలు నీళ్ళలో పడ్డాయి. మరుగుదొడ్డిలో నుండి నీళ్ళు వెనక్కి తన్నుతున్నాయి. మా ఆవిడ తల్లిగారి ట్రంకుపెట్టె మంచం కిందే ఉంది. అందులోని బట్టలు, ఫొటోలు ఏవీ మిగల్లేదు. పొద్దున పక్కింటి పెద్దాయన లుంగీ పైకి కట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఈ వీధికి ఇది ప్రతి ఏడూ ఉండేదేనండి మాస్టారూ. మీరు కొనేటప్పుడు మమ్మల్ని అడగలేదు గదా!"

అడగలేదు. నిజమే. పదకొండేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాము. రెండుసార్లు గచ్చు ఎత్తు పెంచాము. రెండోసారి పెంచాక తలుపులు కోసి పొట్టి చేయవలసి వచ్చింది, ఫ్యాను చేతికి అందేటంత కిందికి వచ్చింది. చివరకు నష్టానికి అమ్ముకున్నాము. అమ్మేటప్పుడు నీళ్ళ సంగతి దాచకుండా చెప్పాము గనుక నష్టం ఇంకొంచెం ఎక్కువే అయింది.

అందుకే పోయిన సంవత్సరం మా మేనకోడలు, ఆమె భర్త బందరులో ఒక ఇల్లు చూసి, "రేపు బయానా ఇస్తున్నాం మావయ్యా" అని ఫోను చేసినప్పుడు, "ఆగమ్మా, ఒక్కసారి మళ్ళీ వెళ్దాం" అన్నాను. అవతల బ్రోకరు తొందర పెడుతున్నాడు. బందరు పోర్టు పనులు 2023లో మొదలైనప్పటి నుండి ప్రతి బ్రోకరు నోటా ఒకటే మాట: "ఈ వారం తీసుకోకపోతే వచ్చే వారం ఈ రేటు ఉండదు." ఉండకపోతే మానె. ఆ పిల్ల నర్సుగా రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టిన డబ్బు అది.

మొదటిసారి వాళ్ళు ఇంటిని చూసింది జూన్ మొదటి వారంలో. నేను రెండోసారి వెళ్దామన్నది జూలైలో, గట్టి వాన కురిసిన మరునాడు. ఎందుకో చెబుతాను. మన కృష్ణా డెల్టా కొసన ఇంటికి వచ్చే కష్టాలన్నీ నీళ్ళతోనే. అయితే అవి అన్ని నెలల్లోనూ కనబడవు. వేసవిలో చూసిన ఇల్లు వాననీటి సంగతి దాచిపెడుతుంది. వానాకాలంలో చూసిన ఇల్లు, కాలువలు కట్టేసిన తరువాత బోరులో వచ్చే ఉప్పునీటి సంగతి దాచిపెడుతుంది. నల్లరేగడి నేల ఎండకు కుంచించుకుపోయి, వానకు ఉబ్బుతుంది గనుక గోడల బీటలు ఎండాకాలంలో నోరు తెరిచి వానల్లో మూసుకుంటాయి. కనుక రెండోసారి వెళ్ళడమంటే మొదటిసారి చూడని రుతువులో వెళ్ళడమే. అంతకాలం ఆగలేకపోతే కనీసం ఒక పెద్ద వాన దాకా ఆగండి.

ఇక్కడ నీటిని తేలికగా తీసుకోకూడదని మన పెద్దలకు బాగా తెలుసు. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని లెక్క. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ మీదికి లేచిన ఉప్పెన 5 మీటర్లకు మించింది. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవారు సుమారు 10,000 మంది. తరువాత 1990 మే నెల తుపాను వచ్చింది. 2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని వదిలారు. ఇంటి గోడకు ఈ సంవత్సరాలన్నీ తెలుసు. ఇరుగుపొరుగుకూ తెలుసు. మనం అడగాలి, అంతే.

అయితే అడగడంలో ఒక పద్ధతి ఉంది. "ఇక్కడ నీళ్ళొస్తాయా?" అని అడిగితే ఎవరైనా "అబ్బే, రావండీ" అంటారు. వీధి పరువు, పక్కింటివారి బేరం చెడగొట్టకూడదన్న మొహమాటం అలా అనిపిస్తాయి. బందరులో ఆ రోజు నేను ఎదురింటి అమ్మగారిని వేరేగా అడిగాను. "పోయిన వానలకు బియ్యం డబ్బా ఎక్కడ పెట్టుకున్నారమ్మా?" అన్నాను. ఆమె వెంటనే, "మంచం మీద పెట్టామండీ, రెండు రోజులు" అంది. మా మేనకోడలు నా ముఖం చూసింది. పాలు పోసే ఆమెను, ఇస్త్రీ బండి అబ్బాయిని, కరెంటు మీటరు చూసేవారిని కూడా అడగండి. వాళ్ళు అన్ని కాలాల్లోనూ ఆ వీధిలో నడుస్తారు. అమ్మేవారితో వాళ్ళకు చుట్టరికం ఉండదు.

ఎదురింటివారి గచ్చు కన్నా మేము చూస్తున్న ఇంటి గచ్చు జానెడు ఎత్తు ఉంది. నీరు వరండా మెట్టు దాకా వచ్చి ఆగుతుందని మెట్టు మీది మట్టిచార వల్ల తెలిసింది. అక్కడ మరో సంగతి చూడాలి. అదే రోడ్డు. మన ఊళ్ళలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది వేస్తారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు దిగుతుంది. తాత కట్టినప్పుడు నాలుగు మెట్లు ఎక్కి లోపలికి వెళ్ళే ఇంటికి ఇప్పుడు ఒక్క మెట్టే మిగిలి ఉంటే, మిగతా మూడు రోడ్డు కింద ఉన్నాయని అర్థం. ఆ వీధి మురుగు ఎటు పోతుందో కూడా కాలినడకన వెళ్ళి చూడండి. మేము చివరిదాకా నడిచాము. వీధి కాలువ డ్రెయినులో కలిసేచోట పూడిక తీసి ఉంది. అది మాకు ధైర్యం ఇచ్చిన మొదటి సంగతి.

గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు ఇల్లు కొనేవారు చేపల చెరువుల దూరం చూసుకోవాలి. నాగాయలంక, కోడూరు, బందరు తీరం వైపు కొనేవారు రొయ్యల చెరువులను చూసుకోవాలి. పెరటి వెనుక చెరువు గట్టు ఉంటే ఊట తప్పదు. ఉప్పునీటి చెరువైతే బావి కూడా చెడుతుంది. దివిసీమలోనైతే ఇల్లు కరకట్టకు ఏవైపు ఉందో చూడండి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. కరకట్ట దాటి నదివైపు ఉన్న ఇంటికి ధర సగమే చెబుతారు. ఎందుకు సగమో 2009లోనూ, 2024లోనూ అక్కడివారు చూశారు.

బీరువా జరపమనండి

రెండోసారి వెళ్ళేటప్పుడు బ్రోకరును కాదు, ఒక తాపీమేస్త్రీని వెంట తీసుకువెళ్ళండి. ఆయనకు ఒక రోజు కూలి ఇవ్వండి. మాకు తెలిసిన మేస్త్రీ లోపలికి రాగానే గోడల మీది దేవుని వాక్యపు క్యాలెండర్లనూ ఫొటోలనూ వదిలేసి నేలకు దగ్గరగా వంగి చూశాడు. నడుము ఎత్తు దాకా మాత్రమే కొత్త రంగు ఉంటే అనుమానించాలట. కింది మూడడుగులకు టైల్సు అంటించి ఉంటే మరీ అనుమానించాలట. ఈ నేలలో ఉప్పు ఉంది. తడి ఇటుకల్లో నుండి పైకి పాకుతుంది, తడి ఆరినప్పుడు ఉప్పు గడ్డకట్టి పూతను పెచ్చులుగా తోసేస్తుంది. రంగు వేస్తే ఒక సీజను దాగుతుంది. ఒక గదిలో బీరువా గోడకు మరీ ఆనించి ఉంది. "కొంచెం జరుపుతారా అన్నయ్యగారూ?" అని మా మేనకోడలు మర్యాదగానే అడిగింది. ఇంటి యజమానులు అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జరిపారు. వెనుక గోడ పొడిలా రాలుతోంది. అయితే వాళ్ళు దాన్ని కప్పిపుచ్చే మాట ఏమీ చెప్పలేదు. "పడమటి గోడండీ, జల్లు కొడుతుంది" అన్నారు. మేస్త్రీ ఆ ఒక్క గోడకు ఖర్చు లెక్క వేశాడు, ఆ మేరకు బేరంలో తగ్గించుకున్నాము.

స్లాబు కింద ఎర్రటి చారలు ఉన్నాయేమో చూడాలి. సముద్రపు గాలి తగిలే చోట్ల చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది గనుక కాంక్రీటును లోపలి నుండే పగలగొడుతుంది. చేతికర్రతో తడితే మంచి స్లాబు గట్టిగా పలుకుతుంది, చెడినది డొల్లగా మోగుతుంది. 1977 తరువాత ప్రభుత్వమూ, క్రైస్తవ సంస్థలతో సహా అనేక స్వచ్ఛంద సంస్థలూ దివిసీమలో కట్టించిన కాలనీ ఇళ్ళకు ఇప్పుడు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. వాటిని కొనేవారు ఇంటికి కాదు, స్థలానికి మాత్రమే విలువ కట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం.

గోడ బీట కనబడితే యజమాని అనుమతితో దాని రెండు కొసలనూ పెన్సిలుతో గీసి, పక్కన తేదీ రాయండి. తరువాత వచ్చినప్పుడు బీట గీత దాటిందా లేదా చూడండి. కిటికీ మూల నుండి ఏటవాలుగా పోయే బీట మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. పునాది ఒక పక్క కుంగుతోందని అది చెబుతుంది. వర్షంలో నలిగే ఇసుక మీద కట్టిన ఇంటిని గూర్చి మనం సండేస్కూల్లోనే విన్నాం గాని, మన రేగడి నేల ఆ ఇసుకకు ఏమీ తీసిపోదు.

ద్వారబంధాలను వేలితో నొక్కి చెదలు చూడటం, మీటరు ఎవరి పేరున ఉందో, ఇంటి పన్ను ఎక్కడిదాకా కట్టారో చూడటం అందరికీ తెలిసినవే. సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ మధ్య దూరం చూడటం మాత్రం చాలామంది మరిచిపోతారు.

ఒక సీసా నీళ్ళు తెచ్చుకోండి

నీటిని అక్కడ రుచి చూస్తే చాలదు. బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ నీళ్ళతో కందిపప్పు ఉడికించండి. గట్టి నీళ్ళయితే పప్పు ఎంతసేపటికీ మెత్తబడదు, సబ్బు నురగ రాదు. ఈ పరీక్ష మా అమ్మ చేసేది. ఇప్పుడు దానికి తోడు మినరల్ వాటర్ ప్లాంటువారి దగ్గర చిన్న మీటరు ఉంటుంది, దానిలో ముంచి చూపిస్తారు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలు ఉంటే తాగవచ్చునని భారత ప్రమాణం. వేరే నీరు దొరకని చోట 2000 దాకా అనుమతిస్తారు. బందరు ఇంటి బోరు ఆ హద్దును దాటింది. అంటే గిన్నెలకూ స్నానానికీ తప్ప పనికిరాదు. మునిసిపాలిటీ కుళాయి వేసవిలో, కాలువలు కట్టేసిన నెలల్లో, రోజు విడిచి రోజు వస్తుందా, ఎంతసేపు వస్తుంది అని పక్కింటివారి కోడలిని అడిగి తెలుసుకున్నాము. నీళ్ళ సంగతి అత్తగారి కన్నా, బిందె మోసే కోడలే నిజం చెబుతుంది.

సంతకం పెట్టవలసినవారు ఎవరు?

కాగితాలను కూడా రెండోసారి చూడాలి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి 30 ఏళ్ళకు ఈసీ తీయించుకోండి. దస్తావేజులోని నాలుగు హద్దులను చేతిలో పట్టుకుని స్థలం చుట్టూ నడవండి. పాత దస్తావేజులో "తూర్పు: ఫలానావారి పెరడు" అని ఉంటుంది. ఆ ఫలానావారు పోయి ముప్పై ఏళ్ళయి ఉంటుంది. ఆ పెరడు ఇప్పుడు ఎవరిదో ముగ్గురిని అడిగి రాసుకోండి. టేపు పెట్టి కొలవండి. సెంటుకు 48.4 గజాలు. బందరులో కాగితం మీద ఉన్నదానికి నాలుగు గజాలు తక్కువ వచ్చింది. పక్కవారి ప్రహరీ లోపలికి జరిగి ఉంది.

ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. నోటిమాట పంపకాలు, కోర్టులోని తగాదాలు అందులో రావు. అలాగే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన పట్టా స్థలమైతే మరింత జాగ్రత్త అవసరం. అసైన్డు భూములను అమ్మడాన్ని 1977 చట్టం నిషేధించింది. ఇంటి స్థలాల విషయంలో 2019లో చట్టాన్ని సవరించి 20 ఏళ్ళ తరువాత అమ్ముకోవచ్చన్నారు, 2021లో ఆ గడువును 10 ఏళ్ళకు తగ్గించారు. కాబట్టి పట్టా మీది తేదీ చూడండి. ఆ స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో ఉందేమో రిజిస్ట్రారు కార్యాలయంలో చూపించుకోండి. నాగాయలంక వైపు నాకు తెలిసిన ఒక విశ్వాసుల కుటుంబం తెల్లకాగితం మీద పట్టా స్థలం కొని, రిజిస్ట్రేషను కాక, అమ్మినాయన చనిపోయాక ఆయన పిల్లలు మళ్ళీ డబ్బు అడిగితే రెండోసారి చెల్లించింది. ఇద్దరూ ఒకే సంఘంలో ఒకే బల్ల దగ్గర కూర్చునేవారే.

సంఘస్థుల మధ్య కాగితం ఎందుకు అంటారు కొందరు. యిర్మీయా ప్రవక్త అనాతోతులోని పొలాన్ని తన సొంత పినతండ్రి కుమారుని వద్ద కొన్నాడు. అయినా వెండి తూచి ఇచ్చాడు, క్రయపత్రం రాయించాడు, సాక్షులచేత సంతకాలు పెట్టించాడు, ముద్ర వేసిన ప్రతినీ వేయని ప్రతినీ మట్టికుండలో భద్రపరచమన్నాడు. 1977లో దివిసీమలో దస్తావేజులు ఇళ్ళతోపాటే కొట్టుకుపోయాయి. రిజిస్టరైన వాటికి మాత్రం కార్యాలయంలో నకలు దొరికే వీలుంటుంది.

ఇక బందరు ఇంటి సంగతి. అది అన్నదమ్ముల తండ్రిగారిది. ఆయనా, తల్లిగారూ కాలం చేశారు. వీలునామా లేదు. "మేమిద్దరమే వారసులం" అన్నారు. మా మేనకోడలు సంఘపు పాత ఫొటోలో వాళ్ళ పక్కన రెండు జడల పిల్లను చూసి, "ఈవిడ ఎవరండీ?" అని అడిగింది. "చెల్లెలు. పెళ్ళప్పుడే ఇవ్వవలసినది ఇచ్చేశాం" అన్నారు. నేను అక్కడ ఆగిపోయాను. 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా క్రైస్తవుడు మరణిస్తే, భార్య ఉంటే ఆమెకు మూడో వంతు, మిగిలినది బిడ్డలందరికీ సమానం. కొడుకు అనీ కూతురు అనీ తేడా లేదు. పెళ్ళికి ఇచ్చిన కట్నకానుకలతో ఆ హక్కు పోదు. మన కుటుంబాలలో కొందరికి సర్టిఫికెట్టులో ఒక మతం, సంఘపు రిజిస్టరులో ఒక మతం ఉంటుంది. హిందూ వారసత్వ చట్టం కింద చూసినా తండ్రి స్వార్జితంలో కూతురికి భాగం ఉంది. ఎటు చూసినా ఆ చెల్లెలి సంతకం లేకుండా కొనకూడదు.

అన్నదమ్ములకు కోపం వచ్చింది. బ్రోకరు, "మాస్టారూ, బేరం చెడగొడుతున్నారు" అన్నాడు. మా అల్లుడు కూడా రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మూడు వారాలు ఏ కబురూ లేదు. చివరకు పెద్దాయనే ఫోను చేశాడు. చెల్లెలు రాజమండ్రి నుండి వస్తున్నదన్నాడు.

ఆమె వచ్చిన రోజు మేమూ వెళ్ళాము. అరవై దాటిన మనిషి. పెరట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడింది. తరువాత మా మేనకోడలిని పిలిచి, "వాన పెద్దదైతే మోటారు ఆపి, వంటింటి తూముకు ఈ మూల నుండి గోనెపట్టా కుక్కమ్మా. 1990 తుపాను నాడు మా నాన్న అలాగే చేశాడు" అని చెప్పింది. అన్నలు ఆమె వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆమె దాన్ని కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, సబ్ రిజిస్ట్రారు కార్యాలయానికి ఆటో పిలవమంది.